చేపు

ఊరి పేరు బస్సు మీద ఒకటి రాస్తారు,
మా నోట్లో ఇంకొకటి నడుస్తుంది.
బెంగళూరు మెజెస్టిక్‌లో ఎక్కితే రెండు గంటలు.
ఆనేకల్లు దాటాక కండక్టరు
"బండకాడ దిగేవాళ్ళు" అంటాడు తెలుగులో,
అంతదాకా కన్నడంలో అరిచినవాడే.

మా ఊళ్ళో రెండు తెలుపులు.
పొద్దున ఆరింటికి డైరీ ముందు క్యాన్లలో ఒకటి,
గ్రానైటు పాలిషింగు షెడ్ల వెనక మోరీలో ఒకటి.
కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు వంగి చూసి
"ఇన్ని పాలు పారబోస్తారా?" అన్నాడు.
ఆ మాట చెప్పుకుని ఏడాది నవ్వాం.
రాతిపాలు అవి. తాగిన దూడ బతకదు.

నేను డైరీలో వెన్న శాతం చూసేదాన్ని.
మూడున్నర, మూడు రెండు, మళ్ళీ మూడున్నర.
ఎవరి దొడ్లో గడ్డివామి అడుగంటిందో,
ఎవరి మగడు వారం కూలీ ఇల్లు చేర్చలేదో
అంకె చూసి చెప్పగలను.
చెప్పను.

క్వారీ మా వడ్డెరపేటకి తూర్పున.
మా తాత దాన్ని కొండ అనేవాడు,
నాకు మాటలొచ్చేసరికి అందరూ గొయ్యి అంటున్నారు.
మధ్యలో ఎప్పుడో ఒకరోజు
అది నేలకి సమంగా ఉండే ఉంటుంది.
ఎవరూ చూడలేదు. కూలీ దినం కదా.
ఆ రాయి సిటీకి పోయి మెట్లయింది, వంటగట్టయింది,
ముక్కూ మొహం తెలియనివాళ్ళ గోరీల మీద
పేర్లు మోస్తూ మెరిసింది.

సాయంత్రం నాలుగింటికి సైరను.
ఎర్రగుడ్డ పట్టుకుని ఓబళేశు రోడ్డుకి అడ్డం.
బస్సు ఆగేది, పెళ్ళి ట్రాక్టరు ఆగేది.
ఒకసారి పాడె కూడా ఆగింది,
మోసేవాళ్ళు దించకుండా భుజాలు మార్చుకున్నారు.
తర్వాత కాళ్ళ కింద నుంచి మోత.
అటక మీద గిన్నెలు మాట్లాడుకునేవి,
గోడలో పాత పగులు వెంట్రుకంత సాగేది.

మొదట్లో పశువులు బెదిరాయట.
హళ్ళికారు ఎడ్లు పలుపులు తెంపుకుని
రాగిచేలకి అడ్డంపడి పారిపోయాయట.
ఆవులు ఎగచేపాయి.
కానీ ఆవు లెక్క తెలిసిన జీవి.
మోత తర్వాత తవుడు, తవుడు తర్వాత దూడ,
దూడ తర్వాత అమ్మి చేతులు.
ఏళ్ళ మీద కట్టుకున్న లెక్క అది.
చివరికి పేలితేనే చేపడం మొదలుపెట్టాయి.

పోయిన శ్రావణంలో కోర్టు కాగితం వచ్చింది.
గేటుకి సీలు పడింది.
గోతిలో పచ్చటి నీళ్ళు నిండాయి,
సిటీ పిల్లలు మోటారుసైకిళ్ళ మీద వచ్చి
అంచున కూర్చుని ఫోటోలు దిగారు.

నాలుగైంది. ఊరు ఊరంతా చప్పుడు లేదు.
మునెక్క కెంపి కింద గొంతుక్కూర్చుని
పొదుగు కడిగింది, పితికింది. రాలేదు.
దూడని వదిలింది. దూడ పొడిచి పొడిచి
తల్లి మొహం వంక చూసింది.
ఆ వారం నా పుస్తకంలో లీటర్లు సగమయ్యాయి.
డాక్టరు సూదులు వేశాడు,
ఎవరో మిరపకాయలు దిగదుడిచారు.

మునెక్క మగడు పిళ్ళప్ప,
తూటాకి రెండు వేళ్ళిచ్చినవాడు,
పదిరోజులుగా గోడకి ఆనించిన సమ్మెట వైపు చూస్తున్నవాడు
ఆ సాయంత్రం మాట్లాడకుండా లేచాడు.
ఖాళీ డీజిలు పీపా బోర్లించాడు.
ఒక్కటే దెబ్బ.

కెంపి చెవులు వెనక్కి తిరిగాయి.
కళ్ళు అరమూసింది.
చెంబులో సర్రున చప్పుడు.

ఇప్పుడు నాలుగింటికి పేటంతా మోగుతుంది:
పీపాలు, రేకు తలుపులు, అడుగు పోయిన బకెట్లు.
కొత్త లేఅవుటులో ఇళ్ళు కొన్నవాళ్ళు వచ్చి
"ఏ దేవుడి పూజండీ ఇది, రోజూనా?" అంటారు.
చౌడమ్మది అంటాం. దణ్ణం పెట్టి పోతారు.

పిళ్ళప్ప మాత్రం కొట్టాక
మూడు వేళ్ళ చెయ్యి పీపా మీద ఆనించి
మోత పూర్తిగా చచ్చేదాకా కదలడు.
ఆ పనికి కూలీ రాసే మేస్త్రీ లేడు.
నేనే, నా పుస్తకంలో, మునెక్క పేరు ఎదురుగా
మూడు ఎనిమిది అని
కాస్త ఒత్తి రాస్తాను.